కంటితోనే కాటా

ఫిట్స్‌తో కొట్టుకుంటున్న పిల్లవాణ్ణి క్యాజువాలిటీకి ఎత్తుకొస్తే కాటా ఎక్కించే వీలుండదు. మందు మాత్రం కిలోల లెక్కనే పడాలి. అప్పుడు ఆదుకునేది చెయ్యి తిరిగిన సిస్టర్ అంచనా.

ఒక చేత్తో ఆక్సిజన్ మాస్కు పట్టుకునే, "బాబుకి ఎన్నేళ్లమ్మా? ఈమధ్య బరువు చూయించారా?" అని తల్లిని అడుగుతుంది. తల్లి చెప్పలేకపోతే వయసుకు నాలుగు కలిపి రెట్టింపు చేస్తుంది. మూడేళ్లకు 14 కిలోలు. ఆపైన కంటికి పని చెబుతుంది. డొక్కలు తేలి, జబ్బలు సన్నగా కనిపిస్తే, "పన్నెండు వేసుకోండి సార్" అంటుంది.

అమెరికా వైద్యుడు జేమ్స్ బ్రోస్లో 1980లలో తెచ్చిన రంగుల టేపు పిల్లల పొడవును బట్టి బరువు చెబుతుంది. బక్కపలచని మన పిల్లలకు అది ఎక్కువ చూపించవచ్చు. అందుకే టేపు ఉన్నా ఆ కన్ను కావాలి.

పెద్దలకూ అంతే. పక్షవాతంలో గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. మోతాదు మించితే మెదడులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, తగ్గితే గడ్డ కరగకపోవచ్చు.

కేస్‌షీట్‌లో అంకె పక్కన 'అంచనా' అని రాసి, రోగి కుదుటపడ్డాక తూచి సరిచూసుకునే సిస్టర్‌ది అసలైన పనితనం.