మన నేల అన్న మాటలో ఎవరున్నారు?

ఈసారి మేము కూర్చుని చదివిన పుస్తకం ఒక భూ వినియోగ ప్రణాళిక. కథల మీద, పాటల మీద రాసుకునే మేము ప్రణాళికను ఎందుకు ముందేసుకున్నామని కొందరు మిత్రులు అడిగారు. ఆదివాసీల గురించి పుస్తకాలు వస్తూనే ఉంటాయి. ఆదివాసీ పెద్దలు తమ నోటితో చెప్పి, తమ భాషలో పేరు పెట్టి, ప్రభుత్వం చేత కూడా ఒప్పించిన పుస్తకాలు అరుదు. అలాంటిది దొరికితే దాన్ని అధికారులకూ లాయర్లకూ వదిలేయకూడదని మా అభిప్రాయం.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, రెడ్ లేక్ పట్టణం దాటి ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్లు పోతే పికాంజికం అనే అనిషినాబే ఊరు వస్తుంది. ప్రణాళిక రాసుకునే రోజుల్లో ఆ ఊరికి విమానంలో వెళ్లాలి, లేదంటే చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక పడే మంచుదారిన వెళ్లాలి. 2018 చివరిదాకా ఊరికి కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచే వచ్చేది. ఇళ్లలో ఇప్పటికీ ఒజిబ్వే భాష బతికి ఉంది. తమ చుట్టూ ఉన్న అడవికి తామే ప్రణాళిక వేయాలని ఈ ఊరి పెద్దలు 1996లో పని మొదలుపెట్టారు. అది వైట్‌ఫెదర్ అడవి, సుమారు 12 లక్షల హెక్టార్లు. పదేళ్లకు, 2006లో, ఒంటారియో ప్రభుత్వంతో కలిసి ప్రణాళిక వెలువరించారు.

ఆ పుస్తకానికి రెండు పేర్లున్నాయి. ఒజిబ్వేలో ‘చీకనవేదమంక్ కీతకీమీనాన్’. ఇంగ్లీషులో ‘కీపింగ్ ది ల్యాండ్’. మాకు ఒజిబ్వే రాదు. నిఘంటువూ వ్యాకరణమూ పక్కన పెట్టుకుని ఆ రెండు మాటలనూ విడదీసి చూశాం. ‘అకి’ అంటే నేల. దాని ముందూ వెనకా చేరిన ముక్కలు అది ఎవరి నేలో చెబుతాయి. తెలుగులో ‘మన’, ‘మా’ అని రెండున్నట్టే ఒజిబ్వేలోనూ రెండున్నాయి. మాట ‘క’తో మొదలైతే వినేవాళ్లు కూడా లోపలే. ‘న’తో మొదలైతే వినేవాళ్లు బయట. పెద్దలు ఎంచుకున్నది ‘క’. అంటే ‘మన నేల’. మొదటి మాటలోని క్రియ కూడా ‘మనం’ అనే పలుకుతుంది. ఆ క్రియకు మా ఊళ్ల తెలుగులో దగ్గరి మాట ‘కనిపెట్టుకుని ఉండటం’. పసిబిడ్డను, చేతికొచ్చిన పంటను, మంచాన పడ్డ ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉంటాం కదా, అలా.

ఇంగ్లీషులో ‘మన’కూ ‘మా’కూ తేడా లేదు, రెండింటికీ ఒకటే మాట. పుస్తకం ఇంగ్లీషు పేరులో ఆ ఒక్క మాట కూడా లేదు. నేల మిగిలింది, దాని మనుషులు జారిపోయారు. మా విమర్శ అంతా ఈ జారిన మాట చుట్టూనే.

ముందు పుస్తకంలోని మంచి చెప్పాలి. ఇందులో పెద్దల మాటలు అలంకారానికి పెట్టినవి కావు, నిర్ణయాలకు ఆధారంగా నిలబడ్డాయి. పికాంజికం పెద్దలు నిప్పు గురించి చెప్పే సంగతులు చూడండి. వసంతంలో, అడవి లోపల ఇంకా మంచు కరగని రోజుల్లో, సరస్సుల అంచున ఎండిన గడ్డిని కాల్చేవారు. అడవి తడిగా ఉంటుంది కాబట్టి మంట గట్టు దాటదు. కొత్త చిగురు వస్తుంది, దాని కోసం బాతులూ మస్క్‌రాట్లూ వస్తాయి. పిడుగు పడి రగిలే పెద్ద మంట మనుషులది కాదు, ఉరుము పక్షులది. దాని వల్లా అడవి కొత్తదవుతుంది. ఇది చదువుతుంటే మాకు మా పోడు గుర్తొచ్చింది. మా తాతలు కూడా గాలి చూసి, తేమ చూసి నిప్పు పెట్టినవాళ్లే. రికార్డుల్లో మాత్రం వాళ్లు అడవిని తగలబెట్టేవాళ్లుగానే మిగిలారు. పికాంజికం పెద్దల నిప్పుకు కాగితం మీద తెలివిగా చోటు దొరికింది. ఇది చిన్న విషయం కాదు.

రెండో మంచి, ఈ ప్రణాళిక బయటివాళ్ల ఊహకు లొంగలేదు. ఆదివాసీ అంటే అడవిని ముట్టుకోకుండా చూసుకుంటాడని పట్నం వాళ్లు అనుకుంటారు. పికాంజికం పెద్దలు తమ అడవిలో కలప కొట్టే పని తమ చేతికే రావాలని అడిగారు. పిల్లలకు పని కావాలి, ఆ పని తమ పద్ధతిలో ఉండాలి అన్నారు. పక్క రాష్ట్రం మానిటోబాలో అదే అనిషినాబే జాతికి చెందిన పోప్లర్ రివర్ ఊరు 2011లో తమ ప్రణాళికను ఆమోదింపజేసుకుంది. వాళ్లు వాణిజ్య కలపా వద్దన్నారు, గనులూ వద్దన్నారు. ఒక ఊరు కొడతామంది, ఒక ఊరు కొట్టనివ్వమంది. రెండు ఊళ్లూ చెప్పిన మాట ఒకటే: మన నేలను కనిపెట్టుకుని ఉండటం. ఏం చేయాలన్నది నిర్ణయించే హక్కు ఆ మాటలో ఉంది.

ఇక లోపం. పెద్దల మాటలు దాటి పటం దగ్గరికి రాగానే పుస్తకం గొంతు మారిపోతుంది. పటంలో నేల మూడు రకాలైంది: రక్షిత ప్రాంతం, ప్రత్యేక నిర్వహణ ప్రాంతం, సాధారణ వినియోగ ప్రాంతం. రక్షిత ప్రాంతంలో కూడా వేట, చేపలు, బోనులు సాగుతాయని పెద్దలు పట్టుబట్టి నిలుపుకున్నారు. అయినా ఈ మూడు గళ్లూ ప్రభుత్వ ప్రణాళికల భాషలోవి. సరస్సు అంచున నిప్పు పెట్టే మనిషికి రక్షణ వేరు, వినియోగం వేరు కాదు. వాడుకోవడమే చూసుకోవడం. మొదటి పేజీలో ఒకటిగా ఉన్న మాట పటంలో మూడు ముక్కలైంది. ముక్కలు చేయకపోతే అనుమతి రాదన్న సంగతి మాకూ తెలుసు. కానీ విమర్శ రాసేటప్పుడు ఆ రాజీని రాజీ అనే పిలవాలి.

తరువాత నాలుగేళ్లకు, 2010లో, ఒంటారియో తన ఉత్తరాది మొత్తానికి ఫార్ నార్త్ చట్టం తెచ్చింది. ఊళ్ల ప్రణాళికలకు చట్టబద్ధమైన దారి వేసింది, ఊరి కౌన్సిలూ మంత్రీ ఇద్దరూ ఒప్పుకుంటేనే ప్రణాళిక చెల్లుతుందని రాసింది. చూడటానికి ఇది ‘మన’. అయితే కనీసం 2,25,000 చదరపు కిలోమీటర్లు రక్షిత ప్రాంతం కావాలన్న అంకె ఊళ్లు ప్రణాళికలు వేయకముందే చట్టంలోకి ఎక్కింది. ప్రణాళిక లేని చోట పెద్ద పనులు ఆపాలంటూనే, రాష్ట్ర ప్రయోజనం పేరుతో మినహాయింపు ఇచ్చే అధికారాన్ని మంత్రివర్గం దగ్గర ఉంచారు. 49 ఊళ్ల తరఫున మాట్లాడే నిష్నాబే అస్కి నేషన్ ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 2021లో సవరణ చేసి ఆ అంకెను తీసేశారు. పెట్టిందీ వాళ్లే, తీసిందీ వాళ్లే. అడవి కాపాడాలన్నా, తవ్వాలన్నా ఆఖరి మాట ఒకే గదిలోంచి వస్తే, అక్కడ ‘మన’ అన్నది మర్యాదకు అన్న మాటే.

ఈ మాటకు ఇంకో పరీక్ష 2013లో ఎదురైంది. ఆ ప్రాంతపు అనిషినాబే ఊళ్లు కలిసి తమ నేలను ప్రపంచ వారసత్వ జాబితాకు పంపాయి. దాని పేరు పిమాచియోవిన్ అకి, ప్రాణమిచ్చే నేల. మిగతా ఆదివాసీ జాతుల నేలల కంటే మీది ఎందులో విశేషమో చూపండి అన్న ప్రశ్న వచ్చింది. మా పొరుగువాళ్ల కంటే మేము గొప్ప అని చెప్పుకోవడం ఆ ఊళ్లకు సమ్మతం కాలేదు. ఆ ఏడు దరఖాస్తు వెనక్కి వచ్చింది. 2018లో 29,040 చదరపు కిలోమీటర్లతో ఆ నేల జాబితాకెక్కింది. కనిపెట్టుకుని ఉండటం అన్న అదే మాట దాని గుర్తింపుకు మూలమైంది. అప్పటికి పికాంజికం ఆ బృందంలో లేదు. ‘మన’ అన్నవాళ్ల మధ్య కూడా ఎడం వస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ఎడాన్ని దాచి పెట్టి పొగిడితే వాళ్లకూ మేలు లేదు, మనకూ లేదు.

అన్నిటికంటే మమ్మల్ని ఆపేసింది కాలం. 1996లో మొదలైన పని, 2006లో ప్రణాళిక, కలప లైసెన్సు చేతికొచ్చింది 2013లో. పిల్లల పని కోసం పెద్దలు మొదలుపెట్టిన పనికి పదిహేడేళ్లు. ఈ మధ్యలోనే, 2006 నుంచి 2008 లోపు, ఆ చిన్న ఊళ్లో 16 మంది పిల్లలూ యువకులూ తమ ప్రాణాలు తామే తీసుకున్నారని ఒంటారియో కరోనర్ కార్యాలయం 2011 నివేదికలో రాసింది. దానికి ఇదే కారణమని మేము అనం. ఒక్క కారణంతో జరిగేది కాదది. కానీ ఆమోదాలు ఆలస్యమైనప్పుడు ఆఫీసులో ఫైలు ఎదురుచూస్తుంది, ఊళ్లో పిల్లలు ఎదురుచూస్తారు. పుస్తకాన్ని ఈ లెక్కతో కూడా చదవాలి.

ఇంత దూరం వెళ్లి చదివింది మా కోసమే. వన సంరక్షణ సమితుల కాలంలో మీటింగుల్లో ‘ఇది మన అడవి’ అన్న మాట మేము చాలాసార్లు విన్నాం. విన్న తరువాత మా పోడు సాళ్లలో మొక్కలు లేచాయి. పికాంజికం ప్రణాళిక వచ్చిన 2006లోనే ఇక్కడ అటవీ హక్కుల చట్టం వచ్చింది. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ఫారం-సి నింపేటప్పుడు మా పెద్దలు సరిహద్దులు చెప్పారు: ఫలానా బండ, ఫలానా ఇప్పచెట్టు, వాగు రెండుగా చీలే చోటు. కాగితం రాసేవాళ్లు కంపార్ట్‌మెంట్ నంబరు అడిగారు. నంబరు రాశాం. బండ పేరు రాయలేదు. ఆ తప్పు మాది కూడా.

పికాంజికం పెద్దలు తమ పుస్తకానికి ముందు తమ మాటనే పేరుగా పెట్టుకున్నారు, ఆ తరువాతే రాజీలకు దిగారు. అందుకే లోపల ఎన్ని గళ్లు గీసినా, అసలు ఏం అనుకున్నారో ఆ పేరు చూసి ఇవాళ మేము కూడా పట్టుకోగలిగాం. మా తీర్మానాలకు అలాంటి పేరు లేదు. వచ్చే గ్రామసభలో మొదటి వాక్యం కోయలోనో, కువిలోనో, సవరలోనో, ఊరి మాట ఏదైతే దానిలో రాయించాలి. బండ పేరు, చెట్టు పేరు అందులో ఉండాలి. నంబరు దాని కింద రాసుకోవచ్చు.