రెండోసారి రావాలంటే

హైదరాబాద్‌లో పైథాన్‌కో లినక్సుకో ఒక యూజర్ గ్రూపు నడపడంలో హాలు దొరకడం పెద్ద కష్టం కాదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏదో ఒక కంపెనీ శనివారం పూట గది ఇస్తుంది. చెప్పగలిగినవాళ్లూ ఊళ్లో బోలెడంత మంది. కష్టమల్లా కొత్తగా వచ్చిన మనిషి మళ్లీ వచ్చేలా చూడటమే. నిర్వాహకుల్లో ఒకరిగా నేను ప్రతి మీటప్‌లో వెతికేది పోయిన నెల మొదటిసారి వచ్చినవాళ్ల ముఖాల కోసమే.

అందరూ రావాలని మనసులో ఉంటే సరిపోదు. కంపెనీ గేటు దగ్గర ఐడీ కార్డు అడుగుతారు, ల్యాప్‌టాప్ వివరాలు రాయించుకుంటారు, ఎవరి కోసం వచ్చారంటారు. ఉద్యోగస్తులకు ఇది రోజూ ఉండే తంతే. ఘట్‌కేసర్ నుంచి బస్సులు మారి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థికి సగం ధైర్యం అక్కడే పోతుంది. అందుకే మాలో ఒకరు గేటు బయట ఉంటారు. మెట్రో దిగి ఎటు నడవాలో, ల్యాప్‌టాప్ లేకపోయినా రావచ్చనీ ఆహ్వానంలోనే రాస్తాం. సాయంత్రం పెడితే హాస్టల్ అమ్మాయిలు గేటు మూసే వేళకు భయపడి మధ్యలో లేచిపోవాలి. ఉదయం పెడితే ఆ బెంగ లేదు.

టీ విరామంలో మరో చిక్కు. పాత స్నేహితులు గుండ్రంగా, భుజాలు రాసుకుంటూ నిలబడి కబుర్లలో పడతారు. కొత్తవాళ్లు కప్పు పట్టుకుని గోడవారగా ఫోను చూసుకుంటుంటారు. ఎరిక్ హోల్షర్ అనే ప్రోగ్రామర్ దీనికి ‘పాక్‌మ్యాన్ సూత్రం’ చెప్పాడు: ఆ వీడియో గేమ్ బొమ్మ నోరు తెరిచి ఉన్నట్టు, గుంపులో ఒకరికి చోటు ఎప్పుడూ వదలాలి. ఒకరు వచ్చి చేరగానే అందరూ కాస్త జరిగి మళ్లీ చోటు చేయాలి.

మాట తీరు అంతకన్నా ముఖ్యం. “గిట్ కూడా రాదా?” అన్న ఒక్క ఆశ్చర్యంతో మనిషి నోరు మూతపడుతుంది. న్యూయార్క్‌లో ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే రికర్స్ సెంటర్‌లో, ఇలా ఆశ్చర్యం నటించడం కూడదని నియమమే ఉంది. ఒకసారి మా దగ్గర ఒక డిగ్రీ విద్యార్థిని ఇంగ్లిషులో ప్రశ్న మొదలుపెట్టి తడబడింది. వక్త “తెలుగులోనే అడగమ్మా” అని, జవాబూ తెలుగులోనే చెప్పారు. ఆ తర్వాత వెనక వరసల్లోంచి వరసగా చేతులు లేచాయి.

ఆడవాళ్లు రావడం లేదని వాపోయేవాళ్లు జాంగో గర్ల్స్ పద్ధతి చూడాలి. మహిళలకు ప్రోగ్రామింగ్ నేర్పేందుకు 2014లో బెర్లిన్‌లో మొదలైన ఈ వర్క్‌షాపుల్లో కొద్దిమందికి ఒక కోచ్ చొప్పున పక్కనే కూర్చుని నేర్పిస్తారు. వచ్చినవాళ్లకు భద్రతా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో చేరిన అమ్మాయి నంబరు అందరికీ కనిపిస్తుంది, ఆ రాత్రే అనవసరపు మెసేజ్ రావచ్చు. ఇలాంటివాటిని అరికట్టే ప్రవర్తనా నియమావళి లేని సదస్సులకు నిధులివ్వబోమని పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2012లోనే తేల్చి చెప్పింది. నియమాలు రాసుకుంటే సరిపోదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో మీటప్ మొదట్లోనే చెప్పాలి, వాళ్లలో ఒక మహిళ ఉండాలి. తప్పు చేసింది ఎంత పేరున్న సీనియరైనా బయటికి పంపాలి. ఆ ఒక్కడి కోసం మొహమాటపడితే, వెళ్లిపోయే పదిమంది మనకు చెప్పి వెళ్లరు.

‘స్వేచ్ఛ’ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో పెట్టించిన గ్లగ్‌లను (గ్నూ/లినక్స్ యూజర్ గ్రూపులను) చూస్తే, కొత్తవాళ్లను నిలుపుకోవడం ఎంత అవసరమో ఇంకా తేటపడుతుంది. అక్కడ సీనియర్లు ఏటా చదువు ముగించి వెళ్లిపోతారు. జూనియర్లను చేరదీయకపోతే నాలుగేళ్లలో గ్రూపు మూతపడాల్సిందే. నగరంలోని గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. అందుకే వచ్చే మీటప్‌కు వక్తను వెతికే ముందు, కొత్తవాళ్లను చూసుకునే మనిషి ఎవరో తేల్చుకోండి.