గట్టుమీది ఉయ్యాల: చట్టంలో, జానపద గేయ విమర్శలో పాలిచ్చే తల్లి

కీలక పదాలు: కృష్ణా డెల్టా, ప్రసూతి ప్రయోజనాల చట్టం, శ్రామిక గేయాలు, జోలపాటలు, స్త్రీవాద విమర్శ.

ప్రసవానంతరం తిరిగి పనిలో చేరిన స్త్రీకి, మామూలు విశ్రాంతికి అదనంగా, బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు 2 విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 11వ సెక్షన్ నిర్దేశించింది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి అక్కడికి రోజుకు 4 సార్లు వెళ్లవచ్చునని 2017 సవరణ చేర్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ రెండింటినీ నిలిపింది. ఈ నిబంధనలన్నీ 'సంస్థ' అనే మాటపై ఆధారపడ్డాయి. మచిలీపట్నం, గుడివాడల్లో 10 మందికి పైగా పనిచేసే దుకాణంలోని తల్లి ఆ మాట పరిధిలో ఉంది. దివిసీమ వరిమడిలో నాట్లు వేసే తల్లి దాని వెలుపల ఉంది.

గుత్త నాట్లలో ఎకరాకు ఇంతని ముఠా మాట్లాడుకుని, వచ్చిన కూలిని పంచుకుంటుంది. చంటిబిడ్డకు గట్టుమీది చెట్టుకు చీర ఉయ్యాల కడతారు. తల్లి గట్టెక్కి పాలిచ్చినంతసేపు ఆమె వంతు పని తోటి స్త్రీలు చేస్తారు. ఆ విరామానికయ్యే ఖర్చు భూయజమానిది కాదు, సాటి కూలీలది. చట్టం హక్కుగా చెప్పినది ఇక్కడ తోటివారి దయగా మిగిలింది.

ఇదే లోపం సాహిత్య విమర్శలోనూ కనిపిస్తుంది. బిరుదురాజు రామరాజు పరిశోధనతో విశ్వవిద్యాలయాల్లో నిలదొక్కుకున్న జానపద గేయాధ్యయనంలో జోలపాటలను స్త్రీల పాటల్లోనో పిల్లల పాటల్లోనో, నాట్లు, కోతలు, దంపుళ్ల పాటలను శ్రామిక గేయాల్లోనో చేర్చడం పరిపాటి. వర్గీకరణ సౌలభ్యం కోసమేనన్న సమాధానం కొంతవరకు సమంజసమే. అయితే జోలపాటను వాత్సల్యంగా, నాటుపాటను శ్రమగా మాత్రమే వ్యాఖ్యానించినప్పుడు, పనిచేస్తూనే పాలిచ్చే స్త్రీ రెండు అధ్యాయాల్లోనూ కనిపించదు. పాట ఏ వర్గానికి చెందుతుందో నమోదవుతుంది గాని, అది ఇంట్లో పాడినదో గట్టుమీద పాడినదో నమోదు కాదు.

చట్టం ఈ హద్దును దాటలేనిదేమీ కాదు. పనిచోటుకు తల్లుల వెంట 6 ఏళ్లలోపు పిల్లలు 5 గురు లేదా అంతకు మించి వస్తే, వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి చెల్లించాలని 2005 ఉపాధి హామీ చట్టం విధించింది. అక్కడ కొలమానం సంస్థ కాదు, పనిచోటు. బిడ్డను చూడడం కూడా కూలి పనే. ప్రైవేటు పొలంలోని కూలికి అటువంటి ఏర్పాటు లేదు. ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి కాన్పుకు రూ. 5,000 నగదు ఇస్తుంది. పాలిచ్చే సమయాన్ని ఇవ్వదు.

కాబట్టి డెల్టా గ్రామాల్లో పాటలు సేకరించే పరిశోధకులు గేయ పాఠంతోపాటు మూడు విషయాలు నమోదు చేయవలసి ఉంది: పాట ఎక్కడ పాడారు, ఆ సమయంలో బిడ్డను ఎవరు చూశారు, తల్లి వంతు పని ఎవరు చేశారు. ఈ వివరాలు లేని జోలపాట సంకలనం ఆ తల్లి గొంతును భద్రపరుస్తుంది, ఆమె పనిదినాన్ని మాత్రం వదిలేస్తుంది.