గడప తొక్కే పనితనం

తిరుమల కొండకు గడప కాబట్టే కడప అయిందంటారు మా జిల్లా. ఈ నేలమీద నాకు గొప్పగా తోచే పని ఒకటుంది: పేదవాడి గడప తొక్కి, పక్కన కూర్చుని, అతను చెప్పేది వినడం. సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ అనే క్యాథలిక్ సేవాసంస్థ సభ్యులు జీతం లేకుండా చేసేది ఇదే.

1833 ఏప్రిల్ 23న పారిస్‌లో, 20 ఏళ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఓజానమ్ తన మిత్రులతో కలిసి ఈ సొసైటీని మొదలుపెట్టాడు. పేదల వాడల్లో దారులన్నీ ఎరిగిన సిస్టర్ రోసలీ రాండూ వాళ్లకు పని నేర్పింది. డబ్బు చేతిలో పెట్టి రావడం తేలిక. కానీ ఈ పనిలో ఇద్దరిద్దరుగా వెళ్లాలి, మతం చూడకూడదు, విన్నది బయట చెప్పకూడదు. పొయ్యి వెలిగిందో లేదో అడక్కుండానే కనిపెట్టాలి. అసలు నేర్పు అక్కడుంది.

ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో మగ్గం ఆగిన ఇల్లు చెయ్యి చాపదు. పులివెందులలో చీనీతోట ఎండిన రైతూ అంతే. మనమే వెళ్లి పలకరించాలి. ఈ మూడు ఊళ్లూ 1976లో ఏర్పడిన కడప మేత్రాసనంలోనివే. ఆదివారం పూజ అయ్యాక ఒక గంట మిగిలితే, పక్కవీధిలో ఒక గడప తొక్కి రండి.