ఆకు రాలే వేళ పెరటి పని

మాఘమాసం వచ్చిందంటే మా వీధిలో తెల్లారేది పొగ వాసనతోనే. వేప, నాటు బాదం, కానుగ చెట్లు రాత్రంతా రాల్చిన ఆకును చీపురుతో ఒకచోటికి ఊడ్చి అగ్గిపుల్ల గీస్తారు. అరగంటలో కుప్ప బూడిదవుతుంది, వాకిలి శుభ్రమైందని అందరికీ తృప్తి. ఆ ఇళ్లవాళ్లే మార్చిలో ప్లాస్టిక్ బస్తాల్లో ఎరువు కొనుక్కొస్తారు. ఏప్రిల్‌లో నన్ను ఆపి, "ఎన్ని నీళ్లు పోసినా మొక్క వాడిపోతోందండీ, ఏం చెయ్యమంటారు?" అని అడుగుతారు. ఆ పొగకీ ఈ ప్రశ్నకీ దగ్గరి చుట్టరికం ఉంది.

వసంతం అనగానే మామిడి చిగురు, కోయిల కూత గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ మన వసంతం చైత్ర వైశాఖాలు. వైశాఖం వచ్చేసరికి చాలా ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి మన పెరడును వసంతానికి సిద్ధం చేయడమంటే, ఎండకు తట్టుకునేలా చేయడమన్నమాటే. అదీ తడి లేని చలికాలం వెనకాల. తెలంగాణలో ఏడాది వానలో సుమారు 80 శాతం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే పడిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు వైపు కురిసినట్టు ఇటు కురవవు. దీపావళి తర్వాత చినుకు పడని ఏడాదైతే సంక్రాంతికల్లా చల్కా నేల పెంకులా బిగుస్తుంది, నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయేలోపు నేల పని ముగించుకోవాలి. విత్తనాల సంగతి ఆ తర్వాత.

ముందు నేల దాహం తీర్చాలి, అయితే ఒక్కసారిగా కాదు. బాగా ఎండిన మట్టికి నీటిని పీల్చే గుణం తగ్గిపోతుంది. గొట్టం పట్టి కుమ్మరిస్తే నీళ్లు పైపైనే జారి గోడవారకు పారతాయి. పైన తడి చూసి మనం తృప్తిపడతాం, జానెడు లోతున బూడిదలాంటి పొడిమట్టి అలాగే ఉంటుంది. సాయంత్రం పూట చేత్తో చిలకరించినట్టు కాసిని చల్లి, గంట ఆగి మళ్లీ చల్లి, మర్నాడు పాదు నిండా పోయాలి. వేలు రెండు కణుపులు దిగేదాకా గుచ్చి చూస్తే తడి ఎంతవరకు పోయిందో తెలుస్తుంది. కుండీల్లో మట్టి ఎండి కుదించుకుపోయి, అంచుల నుంచి విడిపోతుంది. పోసిన నీరంతా ఆ సందుల్లోంచి కింది చిల్లులోకి దిగిపోతుంది. అలాంటి కుండీని నీళ్ల తొట్టిలో అరగంట కూర్చోబెట్టడమే మేలు.

తడి ఆరీ ఆరకముందు బొరిగెతో పై అంగుళం మట్టిని గుల్ల చేయాలి, అంతకన్నా లోతుకు పోవద్దు. మెట్టసేద్యం చేసే రైతు గుంటక తోలేది కూడా ఇందుకే. పైపొరను కదిపితే అడుగు తడి సన్నటి దారుల వెంట పైకెక్కి ఆవిరి కావడం తగ్గుతుంది. పెరడంతా పలుగుతో తిరగేసే వాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అడుగున చల్లగా దాక్కున్న వానపాములను ఎండకు తెచ్చి పడేసి, ఆ తర్వాత డబ్బు పోసి వానపాముల ఎరువు కొంటారు.

ఈ రోజుల్లో ఎక్కువమంది చేసే ఇంకో పొరపాటు చిక్కుడు పాదును వేళ్లతో సహా పీకడం. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేయడం, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం మన ఇళ్ల ఆనవాయితీ. పగలు చిన్నవైనప్పుడు పూతకొచ్చే నాటు చిక్కుడు సరిగ్గా ఆ వేళకు విరగకాసి ఉంటుంది. పండుగైన కొన్నాళ్లకు కాపు ముగుస్తుంది. అప్పుడు తీగను మొదట్లో కోయాలి, వేరు నేలలోనే ఉండాలి. చిక్కుడు జాతి వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతుంది. వేరు కుళ్లినకొద్దీ అందులో కొంత తర్వాతి పంటకు అందుతుంది. నీరు దిగడానికీ ఆ కుళ్లిన వేళ్ల దారులే పనికొస్తాయి. మా ఇంట్లో చిక్కుడు ఉన్నచోటే బీర పెడతాం, పాత పందిరే సరిపోతుంది. పందిరి వెదురుకు చిల్లులు పడ్డాయని పారేయొద్దు. వాటిలో నల్ల తుమ్మెదలు గూడు కట్టుకుంటాయి, పూలకు పుప్పొడి మోసే కూలీల్లో అవీ ఉన్నాయి.

ఇక ఆకు సంగతి. మాఘ ఫాల్గుణాలను శిశిర ఋతువన్నారు పెద్దలు, ఆకురాలే కాలమన్నమాట. నేలకు ఎండ తగలబోతున్న నెలల్లోనే చెట్టు ఆకు రాలుస్తుంది. కొమ్మ మీద ఉన్నంతకాలం నీటిని ఆవిరి చేసిన ఆకు, కింద పడ్డాక అదే ఆవిరికి అడ్డుపడుతుంది. ఇంత చక్కటి ఏర్పాటును మనం రోజూ పొద్దున్నే తగలబెడుతున్నాం. కాల్చిన ఆకులో నత్రజని, కర్బనం చాలామటుకు గాలిలో కలిసిపోతాయి. మిగిలే బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. కట్టెల పొయ్యి బూడిద పిడికెడు చల్లితే మంచిదే. కానీ బోరునీళ్లతో ఇప్పటికే క్షారం పెరిగిన పట్నం మట్టిలో కుప్పలుగా పోస్తే మొక్కకు పోషకాలు అందకుండా పోతాయి. పోనీ చట్టం ఒప్పుతుందా అంటే, 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చొద్దన్నాయి. తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా ఉంచుకోవాలని కూడా అన్నాయి. వినేవాళ్లు తక్కువ.

పరిచేటప్పుడు మందం మూడు నాలుగు అంగుళాలుండాలి. మొక్క మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి, లేకపోతే కాండం ఒరిసి కుళ్లుతుంది. వేపాకు చిన్నది, తొందరగా మట్టిలో కలుస్తుంది, కూరపాదులకు అదే మొదటి ఎంపిక. బాదం ఆకులు పళ్లేల్లా ఒకదాని మీద ఒకటి అతుక్కుని నీటిని దిగనివ్వవు, కాళ్లతో తొక్కి నలిపి వెయ్యాలి. మామిడాకు నెలల తరబడి అలాగే ఉంటుంది, నిమ్మ, జామ చెట్ల కింద పరవడానికి అది మంచిది. నీలగిరి ఆకు మాత్రం లేత మొలకల దగ్గరికి రానివ్వను. ముందు నేల తడపాలి, ఆ తర్వాతే ఆకు పరవాలి. పొడి నేల మీద పరిస్తే పోసిన నీళ్లన్నీ ఆకే తాగేస్తుంది. పది రోజులయ్యాక పొర ఎత్తి చూడండి. కింద మట్టి నల్లగా, చల్లగా, చేతికి మెత్తగా తగులుతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. జపాన్ రైతు మసనొబు ఫుకువోకా గడ్డిపరకను పొలంలోనే పరచి పంట తీశాడు. ఆయన పుస్తకం తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం'గా చాలామంది చదివిందే. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఏడాది పొడవునా నేలను పంటతోనో ఆకుతోనో కప్పి ఉంచాలన్నది ఆ పద్ధతిలో ముఖ్యమైన సూత్రం. పెరటి కొలతలో దీన్ని పాటించడానికి కావలసింది ఒక చీపురు, ఒక గోనెసంచి.

ఎరువు దగ్గర నేనూ దెబ్బతిన్నాను. ఒక ఏడాది నర్సరీలో 'మాగిన పశువుల ఎరువు' అంటే నమ్మి ఆరు బస్తాలు తెచ్చాను. బస్తా విప్పగానే ముక్కుపుటాలదిరాయి, అప్పుడే అనుమానించాల్సింది. పాదుల్లో వేశాక వారానికి వంగ నారు పసుపుబారింది. తవ్వి చూస్తే వేళ్ల దగ్గర కొడవలిలా వంగిన తెల్లటి వేరుపురుగులు. పచ్చి పేడ నేలలో పడ్డాక మాగుతూ వేడి పుట్టిస్తుంది, పురుగునూ పిలుస్తుంది. బాగా మాగిన పెంటకు వాన తడిసిన మట్టి వాసన తప్ప మరో వాసన ఉండదు. పిడికిట్లో నొక్కితే ముద్దవుతుంది, వేలితో తాకితే పొడిపొడిగా రాలుతుంది. అప్పటినుంచి కొనడం మానేశాను. మూడు తట్టల ఎండాకుకు ఒక తట్ట వంటింటి చెత్త, పైన చేటెడు పాత మట్టి, పదిహేను రోజులకోసారి తిరగవేయడం, అంతే. సంక్రాంతికి మొదలుపెట్టిన కుప్ప వానాకాలానికి పనికొస్తుంది, ఈ వేసవికి మాత్రం నిరుటి కుప్పే దిక్కు.

కుప్ప లేనివాళ్లకు జీవామృతం ఉంది. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ ఎకరానికి చెప్పిన 200 లీటర్ల లెక్కను బకెట్‌కు కుదిస్తే 20 లీటర్ల నీళ్లకు కిలో నాటు ఆవు పేడ, లీటరు పంచితం, 200 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు చెట్టు కింది మట్టి. నీడలో ఉంచి రెండు పూటలా కర్రతో కలుపుతుంటే రెండు రోజుల్లో వాడకానికి వస్తుంది. తడి నేలలో, ఆకు పరిచిన చోటే పోయండి. ఉత్త ఎండుమట్టి మీద పోస్తే బెల్లం దండగ.

వేసవిలో రోజూ నీళ్లు పోసే తీరిక లేని ఇళ్లకు నేను చెప్పేది కుండ. రంగు వేయని మామూలు మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు బోర్లించి, చుట్టూ బీర, దోస, కాకర గింజలు నాటాలి. చుట్టూ మట్టి ఎంత ఎండితే కుండ గోడల్లోంచి అంత నీరు ఊరుతుంది, తడి ఉంటే ఊట మందగిస్తుంది. మీట తిప్పక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. పాత కుండలు వాడొద్దు, బోరునీటి ఉప్పుకు వాటి సన్నటి రంధ్రాలు పూడిపోయి ఉంటాయి.

విత్తనం విషయంలో నా సలహా, రంగుల పొట్లాలు కాస్త పక్కన పెట్టమని. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతి వేళ పాత పంటల జాతర మొదలుపెట్టి, ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతారు. వాళ్ల ఇళ్లలో విత్తనానికి కాపలా బూడిద, ఎండు వేపాకు, పేడతో అలికిన బుట్ట. మన ఇళ్లలోనూ బీరకాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలతో సహా వంటింటి చూరుకు కట్టేవారు. పాత గింజలైతే పదింటిని తడిగుడ్డలో మూటకట్టి చూడండి. ఏడుకు తక్కువ మొలకెత్తితే కాస్త ఒత్తుగా నాటుకోవాలి. బీర, సొర, కాకర, బెండ జనవరి చివర నుంచి ఫిబ్రవరిలోగా పడాలి. గోంగూర ఇంకొంచెం ఆగినా ఫర్వాలేదు, పగలు పెరిగినకొద్దీ పూతకు పోకుండా ఆకే ఇస్తుంది.

మల్లెల పనికి మాత్రం ఇప్పటికే ఆలస్యం. సంక్రాంతి ముందు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి ఉంటే తర్వాత పెట్టే తడికి చిగురూ మొగ్గా కలిసి వస్తాయి.

చలి చివర్లో చిక్కుడు కొసలకు నల్లగా పట్టే పేనుబంకను చూసి మందు సీసా వెతకొద్దు. రెండు రోజులు ఆగితే ఎర్ర వీపు మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు వాటంతట అవే దిగుతాయి. ఆగలేనంత పట్టిందా, లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె చాలు. నూనె నీళ్లలో కలవాలి కదా, దానికి కుంకుడుకాయ రసం పొయ్యండి. సాయంత్రమే కొట్టండి, తేనెటీగలు ఇల్లు చేరాక.

మూడేళ్ల కిందట మా వీధి ఊడ్చే ఆమెతో ఆకు కాల్చొద్దని, నాకిచ్చేయమని చెప్పాను. నవ్వింది. ఇప్పుడు మాఘంలో పొద్దున్నే గేటు చప్పుడవుతుంది. "సార్, ఇయ్యాల వేపాకు మస్తున్నది, రెండు బస్తాలు దింపుతున్న" అంటుంది. వంద గజాల పెరడుకు అన్ని బస్తాలు అక్కర్లేదు. దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా వచ్చి ఒకటి పట్టుకుపోవచ్చు.