నీళ్లా, నీళ్లున్నట్టా?

నల్గొండ జిల్లాలో బోరు పాయింట్లు చూపిస్తూ బతికిన రోజుల్లో నా సరంజామా అంతా ఒక గోనెసంచిలో పట్టేది. నాలుగు ఇనప కడ్డీలు, వైరు చుట్టలు, ఒక సుత్తి, రెసిస్టివిటీ మీటరు. బయటి రెండు కడ్డీల్లోంచి భూమిలోకి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చదివితే అడుగున ఏముందో ఒక అంచనా వస్తుంది. నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువ అది: వంద ఓమ్-మీటర్లలోపు ఉంటే ఆశ, వేలల్లోకి పోతే బండ. వేపపుల్లవాళ్లకీ కొబ్బరికాయవాళ్లకీ పోటీగా చాన్నాళ్లు ఈ లెక్కమీదే నెట్టుకొచ్చాను.

ఒకసారి విలువ ముచ్చటగా తక్కువొచ్చింది. అక్కడే పాయింటు పెట్టాను. బోరేస్తే సుద్దమట్టి తప్ప చుక్క నీరు పడలేదు. సుద్ద కూడా కరెంటుకి నీళ్లలాగే దారిస్తుంది మరి. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. మీటరు వంకే కాసేపు చూసి, "సారూ, గీ మిషిని నీళ్లను సూస్తదా, నీళ్లున్నట్టు సూస్తదా?" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత, నేలకింది ఐసు వెతకడం నేర్చుకోవడానికి వెళ్తే, ఆల్ప్స్ పర్వతాల్లో ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది.

స్విట్జర్లాండులోని ఎంగాడిన్ లోయలో, కోర్వాచ్ శిఖరం కింద, 2,600 మీటర్లు దాటిన ఎత్తులో మూర్తెల్ ఉంది. దాన్ని రాక్ గ్లేసియర్ అంటారు. చూడ్డానికి లారీల కొద్దీ బండరాళ్లు ఎవరో కొండవాలున కుమ్మరించినట్టుంటుంది. కాచిన పాలమీది మీగడని వేలితో తోస్తే ముడతలు పడతాయే, ఆ రాళ్ల మీదా అలాంటి ముడతలే. రాళ్లకింద ఐసు ఉంది, ఆ ఐసు తన బరువుకి తానే సాగుతూ మీది రాళ్లని మోసుకుపోతోంది. వేగం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. ఇలా వరుసగా కనీసం రెండేళ్లపాటు సున్నా డిగ్రీలు దాటని నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. అది పైకి కనిపించేది కాదు. రోప్‌వే స్తంభాలు నిలబెట్టేవాళ్లకి మాత్రం అది ఎక్కడుందో, ఎంత లోతుందో తెలిసి తీరాలి.

పని పాతదే, లెక్క తిరగబడింది. మా ఊళ్లో తక్కువ విలువ కోసం వెతికేవాణ్ణి, ఇక్కడ ఎక్కువ విలువ కోసం వెతకాలి. అదే నీరు గడ్డకడితే కరెంటుకి తలుపు మూసేస్తుంది. అచ్చమైన ఐసులో విలువ లక్షల ఓమ్-మీటర్లకి పోతుంది.

అసలు తిప్పలు కడ్డీ పాతడంలో ఉన్నాయి. అయిదేసి మీటర్ల దూరంలో 48 కడ్డీలు కావాలి. పాతడానికి మట్టి ఏదీ? మేకంత, బర్రెంత రాళ్లు, వాటిమధ్య చీకటి సందులు. అక్కడివాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం చూసి నవ్వొచ్చింది: అంట్లు తోముకునే స్పాంజీ! దాన్ని ఉప్పునీళ్లలో ముంచి, కడ్డీకి చుట్టి, రెండు రాళ్ల మధ్య బిగించి కూర్చోబెట్టాలి. మీటరు ఒప్పుకోకపోతే ఇంకో చెంబుడు ఉప్పునీళ్లు పోయాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే పక్క సందు చూసుకోవాలి. మధ్యాహ్నానికి వేళ్లు చిట్లి ఉప్పుకి మండుతుంటాయి. కంప్యూటరులో రంగురంగుల బొమ్మ చూసి మురిసిపోయే కుర్రకారుని ముందు ఈ స్పాంజీల పనికి పంపాలని నా అభిప్రాయం. కడ్డీకి నేల అందకపోతే బొమ్మ ఎంత అందంగా వచ్చినా అబద్ధమే.

సరే, బొమ్మ వచ్చింది. నేలకింద పెద్ద ఎర్రటి ముద్ద, అంటే విలువ బాగా ఎక్కువ. అదంతా ఐసేనా? రాళ్ల సందుల్లో ఉండే గాలి కూడా కరెంటుని పోనివ్వదు. ఐసూ గాలీ మీటరుకి ఒకటే ఎరుపు. సుద్ద నన్నెలా బోల్తా కొట్టించిందో, ఇక్కడ గాలి అలా కొట్టించగలదు.

అందుకని మర్నాడు సుత్తి దింపాం. ఇనప పలకమీద సుత్తితో కొట్టి, ఆ అదురు, దాన్ని పసిగట్టడానికి వరసగా పెట్టిన జియోఫోన్లకి ఎన్ని మిల్లీసెకన్లలో చేరిందో చూడాలి. గాలిలో శబ్దం సెకనుకి 330 మీటర్లు పోతుంది, నీటిలో 1,500, ఐసులో దాదాపు 3,500. ఊళ్లోంచి పోయే బస్సుకన్నా చుట్టూ తిరిగి బైపాస్‌లో పోయే బస్సు ముందు చేరినట్టు, లోతుకి దిగి ఐసు గుండా వచ్చిన అదురు దూరపు జియోఫోన్లకి ముందు అందుతుంది. సుత్తి ఎత్తగానే అందరూ బిగుసుకుపోవాలి. దగ్గకూడదు, కాలు కదపకూడదు. గాలి వీస్తే ఆ దెబ్బ వృథా, మళ్లీ కొట్టాలి. ఒక్కో చోట పది దెబ్బలు.

మూర్తెల్‌లో ఈ సాధన చేయించడానికి కారణముంది. 1987లో అక్కడ 58 మీటర్ల లోతు బోరు వేసి చూశారు. పైన మూడు మీటర్ల దాకా ఎండాకాలంలో కరిగే పొర, దాని కింద ముప్పై మీటర్ల లోతు వరకూ చాలామటుకు ఐసే. అంటే జవాబు ముందే తెలిసిన లెక్క. పై మూడు మీటర్లలో కరెంటు ఎరుపు చూపించింది, అదురు నత్తనడక నడిచింది: అది గాలి. దాని కింద కరెంటూ ఎరుపే, అదురూ పరుగే: అది ఐసు.

షిల్ట్‌హార్న్ శిఖరం దగ్గర ఇంకో దారి పట్టారు. 1999 నుంచి అక్కడ కడ్డీలు పీకకుండా అలాగే ఉంచేసి, అదే చోట మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు. రాయి మారదు, సందులు మారవు. కాబట్టి విలువ మారితే దానికి ఐసో నీరో కారణమై ఉండాలి. యూరప్ ఉడికిపోయిన 2003 వేసవిలో అక్కడ కరిగే పొర మామూలు అయిదు మీటర్ల నుంచి దాదాపు తొమ్మిదికి దిగింది. విలువలూ దానితోపాటే పడిపోయాయి.

తర్వాతి వారం బోరు లేని పక్కలోయకి వెళ్లాం. ఎర్రటి ముద్ద అక్కడా వచ్చింది. ఆ సాయంత్రం రిపోర్టులో "ఐసు ఉండవచ్చు" అని రాశాను. సుత్తి లెక్క చేతికందాక మా జట్టు పెద్దాయన ఎగువ సగానికి ఆ "వచ్చు" కొట్టేశాడు. దిగువ సగానికి మాత్రం ఉంచేశాడు.