ముందు వత్తిని చూడండి

ఇంట్లో పోసిన కొవ్వొత్తి సరిగా వెలగకపోతే చాలామంది మైనాన్ని తప్పుపడతారు. నన్నడిగితే ముందు చూడవలసింది వత్తిని. కరిగిన మైనం నూలుపోగుల వెంట పైకి ఎగబాకి, ఆవిరై మండుతుంది. ఎంత మైనం ఎక్కాలో చెప్పేది వత్తి మందమే. అది సన్నదైతే నడుమ గొయ్యి పడి, అంచుల వెంట మైనం కరగకుండా మిగిలిపోతుంది. లావైతే మంట ఎగసి పొగ చిమ్ముతుంది, గాజు మసిబారుతుంది. అందుకే ఒకే మైనాన్ని ఒకే కొలత గ్లాసుల్లో పోసి, వేర్వేరు మందాల వత్తులు పెట్టి వెలిగించి చూసుకోవాలి. ఈ ఓపిక లేకుండా మంచి కొవ్వొత్తి రాదు.

పురి పెట్టిన దారం కన్నా జడ అల్లిన వత్తి ఎంతో మేలు. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి ఇది. కాలేకొద్దీ కొస పక్కకు వంగి, మంట అంచున గాలి తగిలేచోట బూడిదైపోతుంది. అంతకుముందు మాడిన కొసను మాటిమాటికీ కత్తిరించవలసి వచ్చేది. అల్లికలో అంత చిన్న మార్పుతో ఆ బాధ తప్పించడం గొప్ప ఆలోచన! గ్లాసులో పోసినవాటికి మాత్రం వెలిగించే ముందు అర సెంటీమీటరు వత్తి ఉంచి మిగతాది కత్తిరించాలి.

1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లలకు కొవ్వొత్తి గురించే ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మంట వేడికి గాలి పైకి లేస్తూ కొవ్వొత్తి అంచును చల్లబరుస్తుందనీ, అందుకే నడుమ కరిగినా అంచు గట్టిగా నిలిచి మైనాన్ని పట్టి ఉంచుతుందనీ వివరించాడు. ఫ్యాను కింద పెట్టినా, క్రైస్తవులు చనిపోయినవారిని తలచుకునే నవంబరు 2న సమాధుల దగ్గర ఆరుబయట వెలిగించినా కొవ్వొత్తి ఒకవైపే కారిపోయేది ఆ అంచు తెగడం వల్లే. గాలికి అడ్డు పెడితే చాలు.

ప్యారాఫిన్ చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి వత్తి చుట్టూ గుంట పడుతుంది. కొంత మైనం విడిగా ఉంచుకుని, పైన పొర కట్టాక సన్నటి పుల్లతో వత్తి పక్కన గుచ్చి, మొదటిసారికన్నా కాస్త వేడిగా మళ్లీ పోయాలి. కొద్దిగా స్టియరిక్ యాసిడ్ కలిపితే కొవ్వొత్తి గట్టిపడి, అచ్చు నుంచి తేలిగ్గా ఊడుతుంది. సోయా మైనం మీది తెల్ల మరకలు స్ఫటికాలే, వాటివల్ల హాని లేదు. రంగు కోసం క్రేయాన్లు కరిగించి కలిపితే వత్తి పోగులు పూడుకుపోతాయి. కొవ్వొత్తులకని అమ్మే రంగులే వాడాలి.

గొయ్యి పడిన గ్లాసును పారేయకండి. అంచు చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, నడుమ ఖాళీ వదిలి వెలిగిస్తే అంచుల మైనం కూడా కరిగి సమమవుతుంది. మైనాన్ని మాత్రం ఎప్పుడూ నేరుగా పొయ్యి మీద పెట్టకండి, నీళ్లు కాగే గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించండి. పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకుండా పొయ్యి ఆపి, మూత పెట్టేయండి.